బాపు పళ్ళ సందు

చేవెళ్ల
జూన్ 12

బాపూ,

ముందే చెప్తున్నాను, నా ఒంట్లో బాగుంది, హాస్టల్లో తిండి కూడా బాగానే ఉంది. జవాబులో మళ్ళీ ఆ రెండు ప్రశ్నలూ రాయకు.

ఫోన్లోనే అడగొచ్చు. కానీ ఫోన్లో నువ్వు "ఆఁ, మంచిగున్నవా బిడ్డా, ఇగో మీ అవ్వతోని మాట్లాడు" అనే దాకానే ఉంటావు. ఐదో తరగతిలో గురుకులంలో వేసిన రోజు నుంచి నువ్వు నాతో మాట్లాడిందంతా కాగితం మీదే. అందుకే పెద్ద విషయం ఉన్నప్పుడు నేను ఇప్పటికీ కవరు కొంటున్నాను.

విషయం ఏమిటంటే, డెంటల్ కాలేజీలో ఇది నా ఆఖరి సంవత్సరం కదా. అక్టోబరులో హైదరాబాద్‌లో విద్యార్థుల సదస్సు ఉంది. నా చేత్తో నేను చేసిన ఒక కేసు అక్కడ చూపించాలి. నేను తీసుకున్నది బాండింగ్. అంటే, ముందు పళ్ళ మధ్య సందు ఉన్నా, మూల విరిగినా, పంటి రంగులోనే ఉండే మెత్తటి ముద్దను పన్ను మీద అద్ది, నీలం లైటు పెట్టి గట్టిపరిచి, నునుపు చేస్తాం. చూసినవాళ్ళు అసలు పన్నే అనుకుంటారు. సూది లేదు, కొయ్యడం లేదు.

మోకిల నుంచి సాయి చరణ్ అనే అతను చేయించుకుంటానన్నాడు. కొలతలు తీసుకున్నాం, ఫొటోలు తీశాం. నిన్న ఫోన్ చేసి రానన్నాడు. అతనికి కుదిరిన అమ్మాయి ఆ సందు చూసే ఒప్పుకుందట, మూస్తే పెళ్ళి మాట మరిచిపొమ్మందట. నవ్వాలో ఏడవాలో తెలియక కంగ్రాట్స్ చెప్పి పెట్టేశాను.

ఇప్పుడు నాకు పదిహేను రోజుల్లో ముందు పళ్ళ మధ్య సందున్న మనిషి కావాలి. బీడీ, గుట్కా ఉండకూడదు. చిగుళ్ళు గట్టిగా ఉండాలి. పిలిచిన రోజు రావాలి. మూడు నెలల తర్వాత ఫొటోకి మళ్ళీ రావాలి, ఆ ఫొటో లేకపోతే కేసే లేదు. ఇవన్నీ ఒకదాని కింద ఒకటి రాసుకుని చూస్తే, ఏడు బర్రెల వెనక నడిచే ఒక మనిషి కనిపించాడు.

వస్తావా?

నీ అశ్విని


హిమాయత్‌నగర్, మొయినాబాద్ మండలం
జూన్ 17

బిడ్డా అశ్వినీ,

ఒంట్లో ఎట్లా ఉంది, తిండి ఎట్లా ఉంది అని నేను అడగడం లేదు. మీ అవ్వ అడుగుతున్నది.

నీ ఉత్తరం ఆమెకు చదివి వినిపించాను. తనే కూడబలుక్కుని చదవగలదు కానీ, ఆమె ఆఖరి వరుసకు వచ్చేసరికి పొయ్యి మీద పాలు పొంగిపోతాయి. అంతా విని, "పెండ్లి సూపులకు వచ్చిననాడు మూసుకోకపోతివి, ఇరవై ఆరేండ్ల సంది సూసుకుంట ఉన్న. ఇప్పుడు ఎవలను మురిపిస్తవయ్యా?" అన్నది. అని, లేచి పోయి నా తెల్ల అంగీ ఇస్త్రీకి ఇచ్చి వచ్చింది. ఒప్పుకున్నట్టే.

ఈ సందు మా నాయన నాకు ఇచ్చింది. ఆయనకు వాళ్ళ నాయన ఇచ్చాడు. భూమిని అన్నదమ్ములం ముక్కలు చేసుకున్నాం, ఇది మాత్రం నలుగురికీ నిండుగా వచ్చింది. నువ్వు పుట్టి, నీకు పళ్ళు వచ్చి, సందు లేదని తేలిన రోజు మీ అవ్వ చిలుకూరు పోయి మొక్కు చెల్లించింది. ఆ మాట నాకు పదేళ్ళ తర్వాత చెప్పింది.

వస్తాను. ఆ ఒక్క పూట బర్రెలను పక్కింటి యాదగిరి చూసుకుంటానన్నాడు. జొన్నరొట్టె తినొచ్చా, మాంసంలో బొక్క కొరకొచ్చా అన్నది రాయి. కల్లు సంగతి నేను అడగను, అడిగినట్టు నువ్వే అనుకో.

రామన్న


చేవెళ్ల
జూలై 2

బాపూ,

నువ్వు శనివారం కుర్చీలో కళ్ళు మూసుకుని పడుకున్నావు కాబట్టి నీకు తెలియనివి రాస్తున్నాను. మొదటి పన్ను మీద ముద్దను రెండుసార్లు పెట్టి రెండుసార్లు తీసేశాను. నా వెనక నిలబడ్డ మా క్లాసు సాహిత్య, "పేషెంటు మీ బాపు అని మర్చిపో" అన్నది. మర్చిపోదామని చూశాను. మీసంలో తెల్ల వెంట్రుకలు ఎన్ని వచ్చాయో అప్పుడే మొదటిసారి చూశాను, ఇక ఎట్లా మర్చిపోతాను.

చక్రపాణి సార్ వచ్చి భూతద్దంతో చూశారు. ఆయన మెచ్చుకోవడం మేము నాలుగేళ్ళలో వినలేదు. "అతుకు ఎక్కడుందమ్మా, నాకు కనిపించట్లేదు" అని, నీ పేరు అడిగి, నీకు చెయ్యి ఇచ్చి వెళ్ళారు. నీతో ఫ, వ, స అనిపించాను, కాగితం కొరికించాను, నవ్వించాను. అన్నీ సరిపోయాయి. అద్దం ఇస్తే నువ్వు చాలాసేపు చూసుకుని, "ఈయన ఎవలో గని, పెద్ద ఆఫీసర్ లెక్క ఉన్నడు" అన్నావు. సాహిత్య ఇప్పటికీ ఆ మాట అందరికీ చెప్తోంది.

రెండు రోజులు చాయ, పసుపు వద్దన్నాను, ఆ గడువు అయిపోయింది. కానీ ఎర్ర పళ్ళపొడి ఇక ముట్టకు. అది గరుకు, నునుపంతా పోతుంది. మెత్తటి బ్రష్ నీ అంగీ జేబులోనే పెట్టాను. రొట్టె తిను. బొక్కలు వెనక పళ్ళతో కొరుకు. కల్లు గురించి నువ్వు అడగలేదు కాబట్టి నేను చెప్పను.

ఒక్క మాట. నేను ఇన్నేళ్ళు చదివింది నిజంగా నా చేతుల్లోకి వచ్చిందని శనివారం తెలిసింది. చాలా సంతోషంగా ఉంది బాపూ.

అశ్విని


హిమాయత్‌నగర్
జూలై 21

బిడ్డా,

ఊరిలో నాకు తీరిక లేదు. పాల సెంటర్ దగ్గర ప్రతి ఒక్కరూ "ఏదీ, ఒకపాలి నవ్వు రామన్నా" అంటారు. యాదగిరి అయితే వేలు పెట్టి గీకి చూడబోయాడు, చెయ్యి మీద కొట్టాను. సర్పంచ్ తమ్ముడు నీ దవాఖాన పేరు రాసుకుపోయాడు. మొన్న మొయినాబాద్ పోయి నేనూ మీ అవ్వా ఫొటో దిగాం. పెళ్ళి ఫొటోలో ఇద్దరం మూతులు బిగించుకుని ఉంటాం కదా. ఇందులో నేను పళ్ళన్నీ పెట్టి నవ్వాను. మీ అవ్వ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది, ఆమె పళ్ళు ఎప్పుడూ బాగున్నవే అయినా.

బర్రెలు బాగున్నాయి. నేను ఈ మధ్య నడక పెంచాను. పొద్దునా సాయంత్రం చెరువు శిఖంలో బర్రెలు మేసే నేలంతా ఒక చుట్టు తిరుగుతున్నాను, ఒంటికి మంచిదట. ఒక ఇత్తడి గంట కూడా కొన్నాను, ఊరికే, చూడ్డానికి బాగుందని.

శిఖం పక్కన తోట ఇల్లు కట్టుకున్న రమణి మేడం నీకు తెలుసు కదా, కోస్తా నుంచి వచ్చిన ఆమె. మన కొమ్ములది ఆమె గేటు తెరిచి ఉంటే లోపలికి పోయి పచ్చిక కాస్త రుచి చూసింది. "మీ గేదె చాలా మర్యాదస్తురాలండీ, గులాబీలు వదిలేసి గడ్డి మాత్రమే తిన్నది" అన్నదామె. నేను క్షమించమని అడిగి తోలుకొచ్చాను. పెద్ద సంగతి ఏమీ కాదు.

నువ్వు సదస్సు మీద మనసు పెట్టు.

రామన్న


చేవెళ్ల
ఆగస్టు 6

బాపూ,

చిన్న ఉత్తరం. పొద్దంతా ఓపీ, సాయంత్రం సదస్సుకు బొమ్మలు తయారు చెయ్యడం. మన కేసును కాలేజీ తరఫున ఎంపిక చేశారు. మూడు నెలల ఫొటో సెప్టెంబరు ఆఖరున. అప్పటిదాకా ఆ రెండు పళ్ళను కళ్ళలో పెట్టుకుని చూసుకో.

గంట ఎందుకు కొన్నావు? చూడ్డానికి బాగుందని నువ్వు కొన్న వస్తువు నా జన్మలో నేను చూడలేదు. అంతంత దూరం నడవడం కూడా నాకు నచ్చలేదు. మోకాళ్ళు ఎట్లా ఉన్నాయి? ఒకదాని కింద ఒకటి జవాబు రాయి.

అశ్విని


హిమాయత్‌నగర్
ఆగస్టు 19

బిడ్డా,

గంట బాగుంది. మోకాళ్ళు బాగున్నాయి. పళ్ళు బాగున్నాయి. నువ్వు ఎంపికైనందుకు యాదగిరికి, ఇంకా పదిమందికి చాయ తాగించాను. వానలు బాగా పడి శిఖంలో గడ్డి మోకాలెత్తు పెరిగింది. అందుకని బర్రెలు కొంచెం దూరం పోతున్నాయి, వాటి వెనక నేనూ పోతున్నాను. ఇందులో రాయడానికి ఏమీ లేదు.

రామన్న

అశ్వినీ నేను అవ్వను. బాపు పాలు పొయ్యనీకె పోయిండు. కవరు అంటియ్యక ముందే రాస్తున్న. పైన రాసింది సగం అబద్దం. నువ్వు పండ్లు మూసినకాన్నుంచి ఈల వస్తలేదు. ఉఫ్ ఉఫ్ అని ఉత్త గాలి పోతున్నది. బర్రెలు ఇంటలేవు. గంట కొడితె గుడి అనుకుంటున్నయో ఏమో తిరిగి గుడ సూస్తలేవు. ఒక్కొక్కదాని ఎంబడి ఉరుకుతుండు. రోజు మోకాళ్ళకు నూనె రాస్తున్న. మొన్న నల్లది చేవెళ్ల రోడ్డు ఎక్కింది. బస్సాయన ఆపిండు కాబట్టి బతికింది. నీకు చెప్పొద్దని ఒట్టు ఏపించుకున్నడు. నోటితోని చెప్పనని ఏసిన. రాయనని ఎయ్యలే. జంగమ్మ


చేవెళ్ల
ఆగస్టు 24

బాపూ,

అవ్వ రాసిన ముక్క చదివి మొదట నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. తర్వాత నా మీద నాకు కోపం వచ్చింది, అది ఇంకా పోలేదు.

నీ కేస్ షీట్ ముందు పెట్టుకుని కూర్చున్నాను. సందు వెడల్పు రెండు మిల్లీమీటర్లు అని రాశాను. పంటి రంగు నంబరు రాశాను. వృత్తి దగ్గర పాడి అని రాశాను. అలవాట్లు దగ్గర ఏమీ లేవు అని రాశాను. నాలుక, పెదవి, దవడ అన్నీ చూశాను. నీతో ఫ, వ, స అనిపించాను కానీ ఒక్క ఈల వెయ్యమనలేదు. వేరే ఊరి పేషెంటు అయితే ఏం పని చేస్తావు, ఎట్లా చేస్తావు అని అడిగేదాన్ని. నీ గురించి నాకు అంతా తెలుసు అనుకున్నాను.

తెలియకపోవడానికి వీల్లేదు కూడా. గురుకులంలో రెండో శనివారం నువ్వు వచ్చినప్పుడు, వాచ్‌మన్ లోపలికి వచ్చి పేరు పిలవక ముందే నాకు తెలిసిపోయేది. ప్రహరీ అవతల నుంచి రెండు పొడుగు, ఒకటి పొట్టి. అది కొమ్ములదాన్ని పిలిచే ఈల అని నాకు తెలుసు, అయినా పరుగెత్తుకొచ్చేదాన్ని. మా గదిలో పిల్లలు "మీ బాపు వచ్చిండు పో" అనేవాళ్ళు. ఆ ఈలను నేనే గంటన్నర కూర్చుని, ఎంతో ఓపికగా, అతుకు కనపడకుండా మూసేశాను.

ఇంక ఏమీ మాట్లాడకు. సోమవారం రా. పెట్టిందంతా తీసేస్తాను, నీ పన్ను కింద ఎట్లా ఉన్నది అట్లాగే ఉంటుంది. సదస్సుకు ఎవరో ఒకరు వెళ్తారు. నల్లది రోడ్డు మీద పడి ఉంటే నేను ఏ సదస్సులో ఏం చెప్పేదాన్ని?

అశ్విని


హిమాయత్‌నగర్
ఆగస్టు 29

బిడ్డా అశ్వినీ,

సోమవారం రాను. కోపం తెచ్చుకోకుండా ఇది మొత్తం చదువు. మీ అవ్వతో మూడు రోజుల నుంచి నాకు మాటలు లేవు, కాబట్టి ఈ ఉత్తరం కింద ఏమీ ఉండదు.

నువ్వు పదేళ్ళప్పుడు ఇంట్లో నుంచి పోయావు. సెలవులకు వచ్చినా నీ తల పుస్తకంలోనే. నేను నిన్ను ఒక్క మాట అనలేదు, చదువుకొమ్మని పంపిందే నేను. కానీ నీ మొహం నేను దగ్గరి నుంచి చూసి చాలా ఏళ్ళైంది. ఆ శనివారం కళ్ళు మూసుకోమన్నావు. నేను మధ్యమధ్యలో తెరిచాను. నువ్వు నుదురు ముడుచుకుని, కింది పెదవి పంటి కింద పెట్టుకుని, నా మొహం మీదకు వంగి పని చేస్తున్నావు. గంటన్నర సేపు నా బిడ్డ లోకంలో నన్ను తప్ప వేరే ఎవరినీ చూడలేదు. నేను ఆ కుర్చీలో ఎంత సంతోషపడ్డానో నోరు తెరిచి ఉండి చెప్పలేకపోయాను. ఇప్పుడు ఆ పనిని గీకి పారేస్తానంటే నాకు కష్టంగా ఉంది.

ఇంకొకటి, సిగ్గు విడిచి రాస్తున్నాను. నాకు ఈ నవ్వు ఇష్టమైంది. యాభై ఒక్క ఏళ్ళ వయసులో అద్దం ముందు నిలబడుతున్నాను. పాల సెంటర్‌లో మీసం చాటున నవ్వే మనిషిని, ఇప్పుడు తల ఎత్తి నవ్వుతున్నాను.

ఈల మా నాయన ఇచ్చింది. నవ్వు నువ్వు ఇచ్చింది. ఏది కావాలో తేల్చుకొమ్మంటే నా వల్ల కావడం లేదు. బర్రెల వెనక ఇంకొన్నాళ్ళు ఉరుకుతాను. రోడ్డు వైపు యాదగిరి తడక కడతానన్నాడు. నీ ఫొటో అయ్యాక చూద్దాం.

రామన్న


చేవెళ్ల
సెప్టెంబరు 4

బాపూ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నువ్వు కళ్ళు తెరిచావని నాకు తెలుసు. పేషెంట్లందరూ తెరుస్తారు.

ఉత్తరం పట్టుకుని చక్రపాణి సార్ దగ్గరికి వెళ్ళి జరిగిందంతా చెప్పాను. తిడతారనుకున్నాను. ఆయన కళ్ళజోడు తీసి, "మొత్తం తియ్యడం ఎందుకు, ఆయన రెండూ కావాలంటున్నాడు కదా, రెండూ ఇవ్వు" అన్నారు. నిజమే బాపూ. నేను పెట్టిన ముద్ద రాయి కాదు, కొంచెం కొంచెంగా తియ్యొచ్చు. ముందు నుంచి చూస్తే దారం మందం గీత మాత్రం కనిపిస్తుంది. నాలుక వైపు మాత్రం గాలి తిరగడానికి వెడల్పుగా చేస్తాను. రెండు రోజుల నుంచి నీ పళ్ళ అచ్చు మీద సాధన చేస్తున్నాను.

ఒక్క చిక్కు ఉంది. ఎంత తియ్యాలన్నది ఏ పుస్తకంలోనూ లేదు, నా కొలబద్దకూ తెలియదు. నువ్వు కుర్చీలో కూర్చుని ఈల వేస్తూ ఉండాలి, వచ్చిన దగ్గర నేను ఆపాలి. అంటే ఈసారి నువ్వు కళ్ళు మూసుకుని పడుకుంటే కుదరదు. మనిద్దరం కలిసి చెయ్యాలి.

సోమవారం రా. అవ్వను కూడా తీసుకురా, మాటలు లేకపోయినా బస్సులో పక్కపక్కన కూర్చోవచ్చు.

అశ్విని


చేవెళ్ల
సెప్టెంబరు 11

బాపూ,

మీరు వెళ్ళి మూడు రోజులైంది, డిపార్ట్‌మెంట్ ఇంకా మామూలు కాలేదు. నీకు లైటు తప్ప ఏమీ కనిపించలేదు కాబట్టి చెప్తున్నాను.

మొదటి మూడుసార్లు నీ నోట్లో నుంచి గాలి మాత్రమే వచ్చింది. నీ కళ్ళలో భయం కనిపించింది, నాకూ భయమేసింది. నాలుగోసారి కొబ్బరాకు బూర లాంటి చిన్న కూత వచ్చింది. పక్క కుర్చీలో పన్ను పీకించుకోవడానికి వచ్చిన ముసలాయన లేచి కూర్చున్నాడు. ఆరోసారి కొంచెం సాగింది. అప్పటికే మా క్లాసు పిల్లలందరూ పని ఆపి మన చుట్టూ చేరారు. అవ్వ తలుపు దగ్గర నిలబడి, "ఇంకింత, ఇంకింత బిడ్డా, ఎడమ దిక్కు" అంటూ ఉన్నది. ఆమెకు ఎట్లా తెలిసిందో నాకు అర్థం కాలేదు, కానీ నేను ఎడమ వైపే తీశాను.

ఎనిమిదోసారి వచ్చింది కదా. రెండు పొడుగు, ఒకటి పొట్టి. కింద గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన ఏదో అయిందని పైకి పరుగెత్తుకొచ్చాడు. ఓపీలో నంబరు కోసం కూర్చున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు, ఎందుకో వాళ్ళకు తెలియదు. చక్రపాణి సార్ తన గదిలోకి వెళ్ళి ఈల ప్రయత్నించారు, రాలేదు. సాహిత్య కిటికీలో నుంచి చూసింది.

నేను అద్దం ఇస్తే నువ్వు చూసుకోలేదు. అవ్వ వైపు తిరిగి నవ్వావు. ఆమె, "సరె, ఇంటికి పోదాం పా" అన్నది. మీ మాటలు అక్కడే కలిశాయని నేను రాసుకున్నాను.

కేస్ షీట్‌లో అలవాట్లు దగ్గర కొట్టివేసి, కొత్తగా రాసి, సంతకం పెట్టాను. సదస్సులో మూసిన సందు ఒక్కటే కాదు, తెరిచిన సందు కూడా చూపిస్తాను. నా తప్పు కూడా చెప్తాను.

బర్రెలు ఏమన్నాయో రాయి.

అశ్విని


హిమాయత్‌నగర్
అక్టోబరు 15

బిడ్డా అశ్వినీ,

రెండో బహుమతి వచ్చిందని ఫోన్లో చెప్పగానే నేను ఫోన్ మీ అవ్వ చేతికి ఇచ్చానని నీకు కోపం వచ్చిందట. నేను కొట్టంలోకి పోయి తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాను. ఆమె గట్టిది, ఆమె మాట్లాడింది. ఆ సాయంత్రం రమణి మేడం గేటు దగ్గర ఆపి అడిగితే, "రెండోది వచ్చింది" అని చెప్పి, ఇంకా చెప్పబోయి ఆమె ముందు కూడా తువ్వాలు కళ్ళకు పెట్టుకున్నాను. ఆమె లోపలికి పోయి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

బర్రెలు ఏమన్నాయని అడిగి నెల దాటింది. తేలాక రాద్దామని ఆగాను. కాలేజీ నుంచి వచ్చిన మరునాడు ఈల వేస్తే నల్లది తల ఎత్తి చూసి, మళ్ళీ మేతలో పడింది. తప్పు దానిది కాదు. ఇది పాత ఈల కాదు, దాని కన్నా సన్నం, కొస కొంచెం వణుకుతుంది. ఇదెవరి ఈల అన్నట్టు చూశాయి అన్నీ. మీ అవ్వకు మాత్రం చెప్పలేదు. రోజూ వేశాను. వారానికి కొమ్ములది నాలుగడుగులు వచ్చి నిలబడింది. పది రోజులకు మిగతావి కదిలాయి, పిలవని పెళ్ళికి వచ్చిన చుట్టాల్లాగా ఆగి ఆగి వచ్చాయి. ఇప్పుడు వస్తున్నాయి. గంట యాదగిరి తీసుకుపోయాడు, తడక విప్పేశాం.

నీకు రాయనిది ఒకటి ఉంది. ఆగస్టు మొదట్లో మచ్చది ఈనింది, ఆడదూడ. అప్పట్లో రాస్తే, దానికి ఏ ఈల పెట్టావు బాపూ అని నువ్వు అడుగుతావు. ఏం చెప్పను? పుట్టిన దూడకు మొదటిరోజే ఈల వేసి పిలవడం మా తాత నాటి పద్ధతి. దీని చెవి దగ్గర కూర్చుని ఉఫ్ ఉఫ్ అని ఊది లేచాను.

నిన్న సాయంత్రం శిఖం గట్టు మీద నిలబడి వేశాను. పెద్దవి తల ఎత్తి, అది నేనేనా అని ఒకసారి చూసుకుంటున్నాయి, ఆ అనుమానం వాటికి ఇంకా పోలేదు. అంతలో ఆ దూడ తల్లిని దాటుకుని, గడ్డిలో పడుతూ లేస్తూ, తోక ఎత్తుకుని నేరుగా నా దగ్గరికి ఉరికి వచ్చింది. అనుమానం దానికెందుకు ఉంటుంది? మా నాయన ఈల అది ఎన్నడూ వినలేదు. అది పుట్టి విన్నది నువ్వు చేసిన ఈల ఒక్కటే.

బాపు